మూడో నంబరు నుయ్యి

నేను పీహెచ్‌డీలో చేరిన కొత్తలో, నా చదువేమిటో ఊళ్ళోవాళ్ళకి చెప్పడానికి మా నాన్నగారు చాలా అవస్థ పడేవారు. కెమిస్ట్రీ అంటే మందుల షాపు పెడుతుందా అని అడిగేవారు. నీళ్ళ మీద పరిశోధన అంటే, మా చేలో బోరు ఎక్కడ వెయ్యాలో చెబుతుందా అని అడిగేవారు. చివరికి ఆయనే ఒక మాట కనిపెట్టి, మా అమ్మాయి నీళ్ళ డాక్టరండి అని చెప్పడం మొదలుపెట్టారు. అందరూ తలూపి ఊరుకునేవారు. ఆయనకీ, నాకూ కూడా ప్రాణం హాయిగా ఉండేది.

తొంభైల చివరి సంవత్సరాలవి. మా ఊరు భీమవరానికి దగ్గర. ఊరి చుట్టూ వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోతున్న రోజులు. ఇంటి వెనకున్న చేను మేమూ తవ్వించాం. రొయ్యకి ఉప్పునీరు కావాలి కాబట్టి, లోతుగా బోర్లు వేసి ఉప్పునీళ్ళు తోడి, కాలవ నీళ్ళలో కలిపి చెరువులు నింపేవారు. ఆ ఉప్పు భూమిలోంచి పక్కనున్న నూతుల్లోకి ఎంత దిగుతోంది, ఎంత దూరం పోతోంది అన్నదే నా పరిశోధన. రాజమండ్రిలో మా కాలేజీ, హాస్టలు. వీలైన ప్రతి ఆదివారం నిడదవోలులో రైలు మారి ఇంటికొచ్చి, సీసాల్లో నూతినీళ్ళు పట్టుకుని మళ్ళీ ల్యాబుకి పోయేదాన్ని.

నూతుల దగ్గరికి నన్ను స్కూటరు మీద తిప్పింది నాన్నగారే. నేను చేద వేసి తోడుతుంటే, ఆయన సీసా మూత తీసి పట్టుకునేవారు. సీసా మీద కాగితం అంటించి నంబరు వేసేదాన్ని. మా పక్కింటి అత్తయ్యగారి నుయ్యి మూడో నంబరు. ఆవిడ నాన్నగారికి వరసకి అక్క. భర్త పోయాక ఆ ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఆవిడ నూతికీ మా చెరువు గట్టుకీ మధ్య ఒక అరటిదొడ్డి మాత్రమే అడ్డం. నేను వెళ్ళినప్పుడల్లా చేంతాడు అందిస్తూ, నా నీళ్ళు పాసయ్యాయా అమ్మాయ్ అని నవ్వేవారు. ఇంకా లెక్కలు తేలలేదండి అనేదాన్ని. ల్యాబులో మూడో నంబరు గీత ఏటికేడూ పైకి లేస్తూనే ఉంది. అక్కడది నాకు గ్రాఫు కాగితం మీద గీత. ఎంత నిటారుగా లేస్తే నా థీసిస్‌కి అంత బలం. ఆ గీత చూసి సంతోషపడిన రోజులు కూడా ఉన్నాయి. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది.

ఇంతలో మా కాలేజీకి జూబిలీ సంవత్సరం వచ్చింది. ఏళ్ళ తరబడి ఈ గదుల్లో మీ పిల్లలు ఏం చేస్తారండి అని విరాళాలిచ్చిన పెద్దలు ఎవరో ప్రిన్సిపాల్‌గారిని అడిగారట. దాంతో ఆయనకొక ఆలోచన తట్టింది. అన్ని డిపార్ట్‌మెంట్ల స్కాలర్లూ జనం ముందు నిలబడి, తమ పరిశోధన ఏమిటో మామూలు తెలుగులో చెప్పాలి. మొదటి సభ భీమవరంలో. మమ్మల్ని తయారుచేసే పని మా గైడుగారికి అప్పగించారు.

ఆయన పద్ధతి తేలిగ్గానే కనిపించింది. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళం వినాలి. అర్థం కాని మాట రాగానే చెయ్యెత్తాలి. తెలుగు శాఖ అమ్మాయి గోదావరి పడవవాళ్ళ మాటల మీద పని చేస్తోంది. తెలుగే కదా, సులువని అందరం అనుకున్నాం. ధ్వని పరిణామం అనగానే అన్ని చేతులూ లేచాయి. ఎకనామిక్స్ ఆయన కొబ్బరికాయ ధర గురించి చెప్పబోయి, డిమాండు వక్రరేఖ దగ్గర ఆగిపోయాడు. లెక్కల స్కాలరు మరీ బిడియస్తుడు. ఆయన పరిశోధన ముడుల మీద. తాడు కొసలు రెండూ కలిపేశాక, ఆ ముడి విడేదో విడనిదో లెక్కతో తేల్చడం. మొదటిరోజు నోరు విప్పిన దగ్గర్నుంచీ ఎత్తిన చెయ్యి ఎవరూ దించలేదు. మర్నాడు పశువుల తాడొకటి తెచ్చి మా చేతుల్లో పెట్టాడు. అప్పుడు అందరికీ అర్థమైంది.

నా వంతు వచ్చింది. క్లోరైడ్ అన్నాను, చేతులు లేచాయి. ఉప్పు అన్నాను. శాంపిల్ అన్నాను, సీసాలో నీళ్ళు అని మార్చాను. స్టేషన్ త్రీ అన్నాను. స్టేషనేంటండి, రైలా అని తెలుగు శాఖ అమ్మాయి అడిగింది. చెరువు పక్కనున్న నుయ్యి అన్నాను. గైడుగారు మెచ్చుకుని, మాటలు తగ్గించి పరీక్ష చేసి చూపించమన్నారు. కాలవ నీళ్ళు ఒక సీసా, నూతి నీళ్ళు ఒక సీసా. తేడా బాగా కనిపించేది ఏ నంబరమ్మా అని అడిగారు. మూడండి అన్నాను. అయితే అదే తీసుకురమ్మన్నారు.

ఆ నుయ్యి ఎవరిదో ఆయన అడగలేదు. పక్క చెరువు ఎవరిదన్న ఊహే ఆయనకి రాలేదు. నేను చెప్పలేదు. సభలో అది ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

సభనాడు నాన్నగారు వ్యాను కట్టించి మా వీధివాళ్ళని తీసుకొచ్చారు. అత్తయ్యగారు ముదురాకుపచ్చ పట్టుచీరలో, మా అమ్మ పక్కన రెండో వరసలో కూర్చున్నారు. హాలు నిండిపోయింది. సగం మంది చెరువులున్నవాళ్ళే. పడవ మాటల అమ్మాయికి చప్పట్లు పడ్డాయి. కొబ్బరికాయ ఆయనతో జనం వాదనకి దిగి, ధర ఎందుకు పడుతుందో తామే ఆయనకి చెప్పారు. తరవాత నన్ను పిలిచారు.

బల్ల మీద బ్యూరెట్టు, అంటే గీతలున్న గాజుగొట్టం, నిలబెట్టి, గాజుకుప్పెలో కాలవ నీళ్ళు పోసి, పసుపురంగు మందు కలిపాను. పై గొట్టంలోంచి పడే మందు నీళ్ళలో ఉప్పుని పట్టుకుంటూ పోతుందనీ, ఉప్పు అయిపోగానే పసుపు కాస్తా ఇటుకరంగుకి తిరుగుతుందనీ, ఎన్ని చుక్కలు పడితే అంత ఉప్పున్నట్టనీ చెప్పాను. చుక్కలు వదులుతుంటే ముందువరస పిల్లలు పైకి లెక్కపెట్టారు. కాసేపట్లోనే రంగు తిరిగింది. హాలంతా సంబరపడింది. రెండో కుప్పెలో నూతి నీళ్ళు పోశాను. మళ్ళీ లెక్క మొదలైంది. ఈసారి పెద్దవాళ్ళు కూడా అందుకున్నారు. చుక్కలు పడుతూనే ఉన్నాయి, నీళ్ళు తెల్లగా విరిగినట్టు అవుతున్నాయి గాని రంగు తిరగలేదు. లెక్కపెట్టే గొంతులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. చివరికి ఇటుకరంగు వచ్చేసరికి హాల్లో చప్పుడు లేదు. ఇన్నేళ్ళ నా పరిశోధన ఇంతమందికి ఒక్కసారిగా అర్థమైంది. ఒళ్ళు పులకరించింది నాకు.

ఎవరో ఆ సీసా ఏ ఊరిదని అడిగారు. మా ఊరిదేనండి అన్నాను.

అప్పుడు అత్తయ్యగారు లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్, దాని మీద మూడు వేసుంది. మా నుయ్యే కదూ అది?"

ఆవిడ మొహంలో కోపం లేదు. తన నూతినీళ్ళు అంతదూరం వచ్చి స్టేజీ ఎక్కినందుకు ఆవిడకి సంతోషంగా ఉంది. అటూ ఇటూ తిరిగి, మా నుయ్యేనండి, ఈ చేతుల్తో నేనే చేంతాడు అందించాను అని పక్కవాళ్ళకి చెప్పుకుంటున్నారు. అవునండి అని నేను అన్నానో లేదో కూడా నాకు గుర్తులేదు.

వెనకనుంచి ఒక పెద్దాయన మర్యాదగానే అడిగారు. "అయితే ఆవిడగారి నూతి పక్కన ఉన్న చెరువు ఎవరిదండి?"

నేను బల్ల మీద సీసాలు సర్దడం మొదలుపెట్టాను. గాజు గాజుకి తగిలి చప్పుడైంది. ఆ కాస్త వ్యవధిలో అత్తయ్యగారి మొహంలో నవ్వు అలాగే ఉండి, కళ్ళు మాత్రం మారాయి. ఆవిడ నన్ను చూశారు, తరవాత నాన్నగారిని చూశారు.

నాన్నగారు కుర్చీలోంచి లేచారు. ఉత్తరీయం సర్దుకున్నారు.

"మాదేనండి," అన్నారు.

అలాగే నిలబడి ఉన్నారు. అడిగినాయనే ఇబ్బంది పడి కూర్చోండి కూర్చోండి అన్నారు. ప్రిన్సిపాల్‌గారు మైకు అందుకుని, విజ్ఞానానికి తన పర భేదం లేదని ఏదో చెప్పి చప్పట్లు కొట్టించారు. నేను కింద కూర్చున్నాక కూడా చెవులు వేడెక్కి మంటలు పుడుతున్నాయి. ఆ తరవాత లెక్కలాయన తాడు పట్టుకుని వచ్చాడు. ముడి విప్పడానికి నలుగురిని స్టేజీ మీదకి పిలిచేసరికి జనం హాయిగా నవ్వారు. ఇంత చేసి ఇది ఎందుకు పనికొస్తుంది బాబూ అని ఎవరో అడిగితే, ఇప్పటికైతే దేనికీ పనికిరాదండి అన్నాడు. అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు ఆ మాటకే పడ్డాయి.

తిరుగు ప్రయాణంలో వ్యానులో నా గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ తాడు అబ్బాయి బాగా చెప్పాడు అని మాత్రం అత్తయ్యగారు అన్నారు. మా అమ్మ అవునండి అంది. నాన్నగారు డ్రైవరు పక్కన కూర్చుని ఊరు వచ్చేదాకా వెనక్కి తిరగలేదు. ఆయన మెడ వెనకభాగం చూస్తూ కూర్చున్నాను. అంతమందిలో మా నాన్నగారు తలదించుకునేలా చేశానని ఒక సిగ్గు. ఆ చెరువు మీద బతుకుతూ ఆ చెరువు మీదే థీసిస్ రాస్తున్నానని ఇంకో సిగ్గు. రెండిట్లో ఏది ముందు వచ్చిందో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన చెరువు గట్టు మీద ఉంటే నేనూ వెళ్ళాను. చెరువుకి గాలి ఎక్కించే ఏరేటర్లు నీళ్ళని చిమ్ముతున్నాయి. నిన్న బాగా చెప్పావమ్మా, నాకు కూడా అర్థమైంది అన్నారు. ఆ మాటతో నాకు ఇంకా కష్టమైంది. ఆ సీసా తీసుకెళ్ళకుండా ఉండాల్సిందండి నాన్నగారూ అన్నాను.

"ఆ నీళ్ళు ఉప్పనయ్యాయని నాకు తెలీదనుకున్నావా? అక్కయ్యగారింట్లో నేను కాఫీ తాగడం మానేసి ఎన్నాళ్ళయిందో తెలుసా? షుగరొచ్చిందని చెప్పాను ఆవిడకి. నాకు షుగరేం లేదు."

అరటిదొడ్డి వైపు చూస్తూ అన్నారు ఈ మాట. ఆయన సీసా పట్టుకుని నా పక్కన నిలబడ్డ ఆదివారాలన్నీ నా కళ్ళముందు తిరిగాయి. నేను నంబరు వేస్తున్నప్పుడు ఆయనకి ఆ నీళ్ళ రుచి తెలుసు. ఆయనకి తెలుసని మాత్రం నాకు తెలియదు. థీసిస్‌లో కూడా మన చెరువు ఉందా అని అడిగారు. ఉందండి, నంబరు మాత్రమే ఉంటుంది అన్నాను. ఉండనియ్యమ్మా అన్నారు.

ఆ వారంలోనే ఆయన అత్తయ్యగారింటికి వెళ్ళి, వీధరుగు మీదే నిలబడి మాట్లాడి వచ్చారు. మా కుళాయి నుంచి ఆవిడ పెరట్లోకి పైపు వేయించారు. ఆవిడ వద్దనలేదు. చెరువు మాత్రం ఆగలేదు. చుట్టూ అందరివీ నడుస్తుంటే మనదొక్కటి ఆపితే నుయ్యి బాగుపడుతుందా అన్నారు నాన్నగారు. కొంతైనా బాగుపడుతుందని కెమిస్ట్రీలో జవాబుంది, ఆయనతో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తరవాత రొయ్యలకి తెల్లమచ్చల తెగులు తగిలి ఊళ్ళో చెరువులు వరసగా దెబ్బతిన్నాయి. అప్పుడు ఎండింది మా చెరువు. సిగ్గు వల్ల కాదు.

నా వైవా ఇంగ్లీషులో జరిగింది. స్టేషన్ త్రీ ఎవరిదని ఎవరూ అడగలేదు. గీత చాలా స్పష్టంగా ఉందన్నారు. డిగ్రీ ఇచ్చారు.

భీమవరం సభ బాగా జరిగిందని పేరొచ్చి, కాలేజీవాళ్ళు మమ్మల్ని తణుకు, అమలాపురం కూడా పంపారు. నేను ల్యాబులోనే మంచినీళ్ళలో ఉప్పు కలిపి సీసా నింపి తీసుకెళ్ళేదాన్ని. రంగు అలాగే తిరిగేది. జనం అలాగే లెక్కపెట్టేవారు. ఆ నీళ్ళు ఏ ఊరివని అడిగితే, ఒక ఊరివండి అనేదాన్ని.

ఉద్యోగంలో చేరాక, ఒక వేసవి సెలవుల్లో మళ్ళీ అత్తయ్యగారి నూతి నీళ్ళు పరీక్ష చేశాను. మా చేలో అప్పటికి వరి పండుతోంది. సభ జరిగిన తరవాత ఆవిడ నాకు చేంతాడు అందించడం మానేశారు. తోడుకోమ్మా అని లోపలికి వెళ్ళిపోయేవారు. నీళ్ళు పాసయ్యాయా అని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఈసారి ఆవిడ అడక్కుండానే వెళ్ళి చెప్పాను. ఉప్పు కొంచెం తగ్గిందండి, కానీ తాగడానికి ఇంకా పనికిరావు అన్నాను. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. విని, ఇంకో కాయ చేతిలోకి తీసుకున్నారు.

"ఈ మాట అప్పట్లోనే ఇంటికొచ్చి ఇలా చెప్పుంటే, అంతమందిలో నేను నవ్వుకుంటూ లేచి నిలబడేదాన్ని కాదు కదమ్మా," అన్నారు.

నిష్ఠూరంగా కూడా అనలేదు. నీళ్ళు ఉప్పనైనందుకు ఆవిడ బాధపడ్డారనే నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. చేటలోంచి ఒక గుప్పెడు కాయలు తీసుకుని, ఆవిడ పక్కన కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టాను. ఆవిడ వద్దనలేదు, చేట కొంచెం నా వైపు జరిపారు.