బావ నాడి నెమ్మదించిన రోజు

పోయిన వారం తెనాలి ఆసుపత్రిలో నాకు ఈసీజీ తీసిన డాక్టరమ్మ, నా మనవరాలి ఈడుది, నేనడిగే ప్రశ్నలకు విసుక్కోకుండా, "గుండెపోట్లన్నీ ఒక్కలా ఉండవండి తాతగారూ, గుండె ముందు గోడకొస్తే నాడి తరచుగా పరిగెడుతుంది, కింది గోడకొస్తే ఒక్కోసారి బాగా నెమ్మదిస్తుంది, మీది కింది రకం" అని చెప్పింది. నా జబ్బు సంగతి అటుంచి, రేపల్లెలో మా బావ చెయ్యి గుర్తుకొచ్చింది.

ఆ రోజుల్లో నేను బాపట్లలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరును. చెయ్యి పట్టుకుంటే చాలు, రోగం పేరే కాదు, రోగి పొద్దున తిన్న కూర కూడా చెప్పేవాణ్ని. అబద్ధం లెండి, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం తప్ప నాకేమీ రాదు. దగ్గరుండి చూసిన గుండెపోటూ ఒక్కటే, అమృతలూరు రైతుది. ఆయన నాడి గుర్రంలా పరిగెత్తింది. గుండెపోటంటే అంతేననుకున్నాను.

అక్కను చూడడానికి రేపల్లె వెళ్లిన ఒక ఉదయం, బావ పొట్ట పైభాగాన నొప్పంటూ వాంతి చేసుకుని, చెమటతో తడిసి మంచంమీద ఒరిగాడు. తెనాలి తీసుకువెళ్లడానికి ఇరుగుపొరుగువాళ్లు కారు తెచ్చి గుమ్మంలో నిలబెట్టారు. నేను చెయ్యి పట్టుకున్నాను. నిమిషానికి నలభై నాలుగు.

"ఏంటి, సూదేస్తావా? నీ సూదికంటే ఈ నొప్పే నయం బామ్మర్దీ" అని అంత బాధలోనూ ఎగతాళి చేశాడు.

గుండెపోటైతే నాడి పరిగెత్తాలి, ఇది నత్తనడక, ఒట్టి గ్యాసేనని తేల్చాను.

"నిజంగా ఫరవాలేదంటావా తమ్ముడూ?" అంది అక్క.

"నాదీ పూచీ అక్కా, కారు పంపెయ్" అన్నాను. పంపేసి, వామునీళ్లు తాగించింది.

నేను వెళ్లేసరికే బావ పోయాడని బయటివాళ్లకు చెబుతూ వచ్చాను, మీకూ అలాగే రాద్దామనుకున్నాను. కాదు. మధ్యాహ్నందాకా ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. ముప్పై ఆరుకు దిగినప్పుడు కూడా, కుదుటపడుతోందనే చెప్పాను.

అక్క నన్నొక్క మాట అనలేదు, ఆయుష్షు అంతేననుకుంది. తాను పోయేదాకా, ఏ నలత చేసినా రేపల్లె నుంచి బస్సెక్కి వచ్చి, డాక్టరుకంటే ముందు నాకే చెయ్యి చాపేది. లెక్కపెట్టి, బాగుందక్కా అనేవాణ్ని.

ఇప్పుడు వెళ్లగానే ఛాతీకి తీగలు తగిలించి కాగితం తీస్తారు, ఏ గోడకొచ్చిందో దాన్ని చూసి చెబుతారు. ఈ కాలపు డాక్టర్లు చెయ్యి పట్టుకుని చూడటమే మానేశారని మన ఈడువాళ్లు నొచ్చుకుంటుంటారు. నేను మాత్రం ఆ మాట అనలేను.