మా బాపు కొన్న మా ఇంటి డబ్బా

నా చిన్నప్పుడు రెండేళ్లు బడికి పోయాను. నా చదువంతా అంతే. ఆ బడి కూడా మన దేశంలోది కాదు, ఒమన్‌లోది. మా బాపు అక్కడ ఒక కంపెనీలో వ్యాన్ డ్రైవర్. అల్ హైల్‌లో ఒక్క గదిలో అమ్మ, బాపు, నేను ఉండేవాళ్లం. సీబ్‌లో ఒక హాలండ్ ఇంజనీరు భార్య తన ఇంటి ముందు గదిలో పది పన్నెండు మంది పిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు చెప్పేది. ఎక్కువ మంది వాళ్ల దేశం పిల్లలే. బాపు బతిమాలితే ఆ మేడమ్ నన్నూ కూర్చోబెట్టుకుంది.

ఆ పిల్లలను రోజూ వ్యాన్‌లో తెచ్చి దింపేది బాపే. నేను అందరికంటే ముందు ఎక్కేదాన్ని, అందరికంటే చివర దిగేదాన్ని. అందుకని ఆయన నా తండ్రి అని పిల్లలకు తెలియదు. నేను చెప్పలేదు. పైగా ఒకరోజు, "వ్యాన్ల నాతోని మాట్లాడకు బాపూ" అన్నాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి, "సరే తీ" అన్నాడు. పిల్లలు ఎక్కాక మళ్లీ ఏనాడూ పలకరించలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు అంత సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఏప్రిల్ నెలాఖరుకు వాళ్ల రాణిగారి పండుగ వచ్చింది. ఆ రోజు వాళ్ల ఊళ్లలో అందరూ నారింజ రంగు బట్టలు వేసుకుంటారట. పిల్లలు వీధిలో దుప్పటి పరుచుకుని తమ పాత బొమ్మలు, పుస్తకాలు అమ్ముకుంటారట. అదే పండుగ తన పెరట్లో చేద్దామని, అక్కరలేని పాతవి తెచ్చుకోమని మేడమ్ చెప్పింది. అమ్మ పసుపులో సున్నం కలిపి నా తెల్ల రిబ్బన్లు ముంచింది. కాస్త ఎర్రబారినా రంగు బాగానే కుదిరింది. పాత సామాను అడిగితే మాత్రం నవ్వింది. "అక్కరలేని సామాను మనింట్ల ఏడ ఉంటది బిడ్డా? చినిగిన చీరె సుత మసిగుడ్డ అయితది."

ఆ బుద్ధే నాకూ వచ్చింది. ఇవాళ్టికీ సబ్బు అరిగిపోతే ఆ ముక్కను కొత్త సబ్బుకు అంటించి వాడతాను. కానీ ఆ రోజు వట్టి చేతులతో పోవడం చావులా తోచింది. శుక్రవారం, కంపెనీకి సెలవు. పండుగకు పిల్లలను వ్యాన్‌లో తెచ్చి దింపడం ఒక్కటే ఆ రోజు బాపు పని. ఆయన రోజూ అన్నం తీసుకుపోయే స్టీలు డబ్బా గూట్లో బోర్లించి ఉంది. అమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన డబ్బా అది. మూత మీద చుక్కలు చుక్కలుగా అమ్మ పేరు కొట్టి ఉంటుంది. ఎవరూ చూడకుండా సంచిలో వేసుకున్నాను.

పెరట్లో అందరి దుప్పట్లూ నిండుగా ఉన్నాయి. నా ముందు ఆ ఒక్క డబ్బా. చాలాసేపు ఎవరూ అడగలేదు. చివరికి ఒక పొడుగాటి దొర వంగి, మూత మీది చుక్కలను వేలితో తడిమి, ఇదేమిటని అడిగాడు. డిజైన్ అన్నాను. మా అమ్మ పేరును డిజైన్ అన్నాను. ధర ఒక రియాల్ అని కూడా చెప్పాను. ఆయన జేబులో చెయ్యి పెట్టేసరికి, గేటు దగ్గర నిలబడి ఉన్న బాపు గబగబా వచ్చాడు.

తన డబ్బాను ఆయన అంత దూరం నుంచే పోల్చుకున్నాడు. ఇది మాది అంటే అయిపోయేది. నా చెవి మెలిపెట్టినా తప్పులేదు. కానీ ఆయన నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, పరాయివాడిలా హిందీలో, కాస్త తగ్గించి తనకిమ్మని అడిగాడు. "మేడమ్, యే హమ్‌కో దేదో. థోడా కమ్ కరో మేడమ్."

"నో. వన్ రియాల్" అన్నాను.

చొక్కా జేబులోంచి మడత పెట్టిన నోటు తీసి ఇచ్చాడు. దొర నవ్వుకుంటూ పక్కకు జరిగాడు. నా పక్కన కూర్చున్న పిల్ల, మన డ్రైవర్‌కు బేరం చేయడం రాదని ఇంగ్లీషులో అని, పకపక నవ్వింది. నేనూ నవ్వాను. బాపు "థాంక్యూ మేడమ్" అని డబ్బా చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

తిరుగు దారిలో పిల్లలంతా దిగిపోయాక, దెబ్బలు పడతాయని బిగుసుకుని కూర్చున్నాను. "మేడమ్ అంటే ఎట్ల గట్టిగ కూసున్నవే! ఒక్క పైస తగ్గలే" అన్నాడు బాపు. నోటు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "నువ్వు అమ్మినవ్, నేను కొన్న. అమ్మకు మాత్రం చెప్పకు, ఆమె పానం గీ డబ్బల ఉంటది."

ఆ ఎండాకాలమే మేడమ్ వాళ్లు తమ దేశం వెళ్లిపోయారు. బడి మూతపడింది. ఆఖరి రోజు పిల్లలంతా వ్యాన్ దిగుతూ బాపుకు చెయ్యి ఊపారు. ఆయన నా బాపు అని అప్పుడైనా చెప్పాల్సింది. కాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

బాపు పోయాక డబ్బా నా చేతికి వచ్చింది. మొన్న దాన్ని బజారుకు తీసుకుపోయి, అమ్మ పేరు కింద ఇంకో పేరు కొట్టమన్నాను. అక్షరానికింత అని చెప్పాడు కొట్టేవాడు. కొత్తిమీర కట్టకు కూడా బేరమాడే నేను నోరెత్తలేదు. "ఎవరి పేరమ్మా ఇది?" అని అడిగాడు.

"మా బాపుది" అన్నాను. అటూ ఇటూ దుకాణాల వాళ్లు తలతిప్పి చూసేంత గట్టిగా అన్నాను. వినాల్సిన పిల్లలు అక్కడ లేరు. వినాల్సిన మనిషీ లేడు.