గది మధ్య సుద్దగీత

ముందే ఒప్పేసుకుంటున్నాను, పిల్లిని చూసి పులి అని చెప్పే జబ్బు నాకుంది; ఈ వయసులో తగ్గేది కాదు గనక, మీరే కాస్త తీసేసి చదువుకోండి.

మొన్న న్యూ టౌన్ ఫ్లాట్‌లోకి సామాను మారుస్తుంటే, చెదలు సగం భోంచేసిన నా పాత ఇంగ్లీషు నిఘంటువు 'కామ్రేడ్' అన్న మాట దగ్గర తెరుచుకుంది. ఎర్రజెండాల రోజుల్లో ఖిదిర్‌పూర్ ఓడరేవు దగ్గర నేనూ, మా మేనమామ కొడుకు బావా ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇద్దరికీ డాక్‌లోనే పని, ఇద్దరిదీ ఒకే యూనియన్. ఒకడు ఆవులిస్తే రెండోవాడు వీధిలోకి వెళ్లి నిలబడేంత విశాలమైన గది అది. వంట ఒకరోజు నాది, ఒకరోజు బావది.

ఒక సమ్మె రోజున బావ పనిలోకి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో అడగకుండా, మర్నాడు గేటు ముందు, లోకమంతా వింటుండగా, నువ్వు నాకు కామ్రేడ్‌వి కావన్నాను. ఆ సాయంత్రమే పెట్టెల మీద గుర్తులు వేసే సుద్దతో గది మధ్య గీత గీశాను. అన్నం గిన్నె ఒక్కటే కాబట్టి అది గీత మీద కూర్చుంది. మాటల్లేవు గానీ వంతులు తప్పలేదు. బావ వండిన రోజున మాడు ఎప్పుడూ నావైపు వచ్చేది కాదు.

మాటల పుట్టుక తవ్వే పిచ్చితో కాలేజీ స్ట్రీట్ పేవ్‌మెంట్ మీద ఈ నిఘంటువు కొని, ఆ మాటే ముందు వెతికాను. లాటిన్‌లో 'కామెరా' అంటే గది. స్పెయిన్ వాళ్ల నోట అది ఒకే గదిలో ఉండేవాళ్లయింది, ఫ్రెంచి వాళ్ల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మాకు అద్దెకిచ్చిన ఇంటావిడ గదిని పిలిచే 'కామ్‌రా'దీ అదే వేరు. పరుగున వచ్చి చదివి వినిపిస్తే, బావ పొట్ట పట్టుకుని నవ్వి, "ఏట్రా, కామ్రేడంటే జెండా మోసినోడనుకున్నాను, గదిలో కూడు వొండినోడా! ఈ ముక్కకి అంత బుక్కు కొన్నావేట్రా?" అంటూ కాలితో గీత చెరిపేశాడు.

ఇప్పుడు ఫ్లాట్‌లో తలకో గది. ఆ మాటతో పిలిచేవాళ్లు లేరు, పిలిపించుకునేవాళ్లూ లేరు.

ఇక నేను కల్పించిందేమిటో చెప్పాలి. గది కాస్త పెద్దదే. గీత నిజం, గిన్నె నిజం, మాడు నిజం. బావ నవ్వడమే అబద్ధం. ఒకరోజు తన వంతు అన్నం వండి, గిన్నె గీత మీద పెట్టి, పరుపు చుట్టుకుని లిలువాలో ఉండే వాళ్లక్క దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడే కామెర్లతో పోయాడు. నేను నిఘంటువు కొన్నది ఆ తర్వాతే. గీత చెరిపిన కాలు నాదే.