మేనత్త ఎడమ కాలు

మా మేనత్త పోయిందని నాన్న ఖమ్మం నుంచి ఫోన్ చేసినప్పుడు నేను సారపాకలో బట్టలు ఆరేస్తున్నాను. ఏడుపు కన్నా ముందు నాకొచ్చిన ఆలోచన చెబితే మీరు ఛీ అంటారు. ఇప్పుడు ఆ కాలు అందరూ చూస్తారు కదా అనుకున్నాను.

ఆమెకు చిన్న వయసులోనే బోదకాలు వచ్చింది. కారేపల్లిలో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఆ కాలు చూసి మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయారట. ఆమె చదువుకుని, హైదరాబాద్‌లో సైంటిస్టయి, బతుకంతా ఆ జబ్బు మీదే పనిచేసింది. మా ఇంటి ఫొటోల్లో మాత్రం ఆమె నడుము దాకానే ఉంటుంది.

"ఒకటే ఊరు, అవే దోమలు. ఒకరి కాలు వాస్తది, పక్కింటోళ్లది వాయదు. ఎందుకు?" అనేది. ఆమె పరిశోధించే, పుట్టుకతో వచ్చే రోగనిరోధక శక్తి అంటే ఏమిటని నేను అడిగితే నవ్వేది. "ఒంట్ల ఒక కాపలోడు ఉంటడు బిడ్డా. దొంగ పురుగు పోయినంక గూడ నా కాపలోడు ఇంటి గోడలే గుద్దుతున్నడు. వాణ్ని ఊకోబెట్టుడెట్లనో సూస్తున్న." నేనివాళ బడిలో సైన్సు చెబుతున్నానంటే ఆమె పుణ్యమే.

ఏటా భద్రాచలం అవతలి అడవి పల్లెలకు రక్తపరీక్షలు చేయడానికి వెళ్లేది. ముందు నేల మీద కూర్చుని, చీర పైకి జరిపి, తన కాలే సబ్బుతో కడిగి చూపించేది. వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో అద్దేది. "తడి ఉంటే పుండైతది. పుండైతే జరమొస్తది." తర్వాతే వాళ్ల కాళ్లు ముట్టుకునేది.

ఆమె పోయిన రోజు ఖమ్మంలో మా ఇంట్లో శవానికి స్నానం చేయించాక అమ్మ నా చెవిలో, "నలుగురొస్తరు. ఆ కాలు కనవడకుండ చుట్టెయ్యి" అంది. పాత దుప్పటి చింపి గట్టిగా చుట్టేశాను.

పాడె ఎత్తే ముందు అడవి పల్లె నుంచి ముగ్గురు ఆడవాళ్లు ఆటో దిగారు. ముగ్గురివీ అలాంటి కాళ్లే. పెద్దామె మొక్కడానికి వంగి, గుడ్డ చూసి ఆగిపోయింది.

"మా కాళ్లు కడిగిన తల్లి. ఆమె కాళ్లు మొక్కి పోదమని వచ్చినం. గిట్ల కట్టిన్రేంది బిడ్డా, దెబ్బ తాకిందా?"

అమ్మ తల దించుకుంది. సిగ్గుతో చచ్చిపోతూ ముడి విప్పాను. లోపల వేళ్ల సందుల్లో తడి అలాగే ఉంది.

కింద కూర్చుని కొంగుతో ఒక్కో సందూ అద్దాను. పెద్దామె నేను తుడవడం అయ్యేదాకా ఆగి, ఆ ఎడమ పాదానికే తల ఆనించింది.