బలపంతో రాసుకోని పేరు

మా చిన్నప్పుడు... నేను మిలటరీ పలక మీద పిచ్చిగీతలు గీసి నాయన చేతిలో దెబ్బ తిన్నానని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నా డిగ్రీ అయిపోయినా, చుట్టాలు ఎవరొచ్చినా మొదటి ముచ్చట అదే. "దీని చెయ్యి ఊరికే ఉండదు, ఆ పొద్దు నుంచీ అంతే" అంటుంది అమ్మ.

అవి పిచ్చిగీతలు కావు. ఒక పేరు. నాలుగక్షరాలు.

మా ఊరు మార్కాపురం నుంచి కొనకనమిట్ల పోయే దారిలో ఉంటుంది. వీధికి ఇద్దరు ముగ్గురు మిలటరీ వాళ్లు. బస్టాపు గోడకు మనిషెత్తు నల్లటి పలకరాయి నిలబెట్టి ఉండేది, మిలటరీ పలక అనేవాళ్లం... సెలవు అయిపోయి బస్సెక్కే ప్రతి అన్నా దాని మీద బలపంతో తన పేరు తానే రాసి పోవాలి. మళ్లీ సెలవు మీద దిగినప్పుడు, ఇంటికన్నా ముందు, పెట్టె కింద పెట్టి అరచేత్తో ఆ పేరు తుడిచేయాలి. మధ్యలో వానకు చెరిగితే వాళ్లమ్మ ఆ జాడ మీదే దిద్దేది. బడి ముఖం చూడని అమ్మలు కూడా ఆ ఒక్క పేరు దిద్దడం నేర్చుకున్నారు.

తిరిగి రాని వాళ్ల పేరు తుడిచే చెయ్యి ఉండదు కదా... అప్పుడు మా నాయన ఉలి తీసుకుని వచ్చేవాడు. నాయన పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. వాళ్లు రాసిపోయిన గీత మీదే, వంకరుంటే ఆ వంకరతోనే చెక్కేవాడు. అట్లా మూడు పేర్లు. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక, ఆ ఇళ్ల ఆడవాళ్లు తడిగుడ్డతో పేర్లు తుడిచి బంతిపూలు పెట్టేవాళ్లు.

జెండా దగ్గర పంచే చాక్లెట్ల కన్నా నాకు ఆ రాయంటేనే కుతూహలం. మిలటరీ నుంచి రిటైరైన సుబేదారు తాతదే ఆ పలక పెత్తనమంతా. ఆయన్ను ప్రశ్నలతో వదిలేదాన్ని కాదు.

"తాతా, రాయడం మర్చిపోయి బస్సెక్కితే?"

"బస్సు ఆపి దిగొచ్చి రాస్తారు."

"చెయ్యి విరిగి ఉంటే?"

"విరగాల్సింది చెయ్యి కాదు మే, నీ నోరు."

మా వెనక వీధిలో దేవదానం మామ ఉండేవాడు. మార్కాపురం ఫైరాఫీసులో పని. టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ పలక ముందే బస్సెక్కేవాడు, మర్నాడు అక్కడే దిగేవాడు. నువ్వెందుకు రాయవు మామా అని అడిగాను ఒకసారి.

"నేను యాడికి పోతున్నా మే... రేపు పొద్దున వస్తా గదా. రోజూ రాసి రోజూ తుడిస్తే మీ నాయన పలక అరిగిపోదూ" అని నవ్వాడు.

ఆ ఎండాకాలం, పుల్లలచెరువు వైపు ఒక ఊళ్లో పూడిక తీయడానికి బావిలో దిగిన ఇద్దరు ఊపిరాడక పడిపోయారు. మామ నడుముకు తాడు కట్టుకుని దిగాడట. ఒకరి తర్వాత ఒకరిని ఇద్దరినీ పైకి పంపాడు. మూడోసారి తాడు లాగినప్పుడు మామ వచ్చాడు... ప్రాణం లేదు.

ఆ ఆగస్టు పదిహేనున పలక మీద మామ పేరు లేదు.

"నాకు మాత్రం బాధ లేదా," అన్నాడు సుబేదారు తాత, ఎవరూ అడగకముందే. "వాడు వాని చేత్తో రాసుకోలేదు. రాసుకోని పేరు చెక్కం. ఒకరికి కట్టు తప్పితే, రేపు ఎవురి పేరైనా ఎవురైనా రాస్తారు."

మామ భార్య మరియమ్మత్త అందరి వెనకాల తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. తుడవడానికి పేరు లేదు. కాసేపు చూసి, గుడ్డ పిండుకుని వెళ్లిపోయింది.

నేను బలపం పట్టుకుని వెళ్లింది ఆ సాయంత్రమే. నాయన చూశాడు, చదివాడు. నా వీపు మీద ఒకటి వేసి, తువ్వాలుతో తుడిచేశాడు. ఇంటికొచ్చి మాత్రం గీతలు గీసిందని చెప్పాడు. ఎందుకట్లా చెప్పాడో నాకు ఏళ్ల తరబడి అంతుపట్టలేదు.

మరియమ్మత్త ఇప్పటికీ ప్రతి ఆగస్టు పదిహేనుకీ వస్తుంది. తడిగుడ్డతోనే.

పోయిన వారం అత్త ఇంటికి వెళ్లాను. అన్నం తినందే కదలనీయదు. కూరగిన్నె మీద బోర్లించిన మూత తీస్తే, దాని మీద మేకుతో గీసిన అక్షరాలు... దేవదానం. 'దే' పెద్దది. చివరి అక్షరానికి చోటు చాలక అంచున ఇరుక్కుపోయింది.

"ఇది ఎవరు గీసినారత్తా?"

"ఇంకెవరు, మీ మామే. ఆఫీసులో అందరి డబ్బాలూ ఒకటే మాదిరి, మారిపోతున్నాయని ఒకనాడు కూచోని గీసుకున్నాడు. ఏంది మే, మూతను అట్ల చూస్తావు?"

అడిగి ఆ మూత తెచ్చుకుని నాయన ముందు పెట్టాను. రాతిదుమ్ము తెచ్చిన ఆయాసానికి ఆయన ఉలి పట్టడం మానేసి చాన్నాళ్లయింది. అక్షరాల మీద వేలు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆ పొద్దు నువ్వు రాసింది నీ రాత. అందుకే తుడిచినా," అన్నాడు. "పేరు రాసిందని చెప్పుంటే తాత నిన్ను ఊరందరి ముందర నిలబెట్టేటోడు. గీతలంటే పిల్లచేష్ట కింద పోయింది." మళ్లీ వేలు తిప్పాడు. "ఇది వాని రాతే."

"పలక మీద రాయలేదు గదా అంటాడు తాత."

"అంటాడు," అన్నాడు నాయన. లేచి వెళ్లి ఉలి సంచి తెచ్చి నా పక్కన పెట్టాడు.

"మళ్లీ మొదలుపెట్టింది" అంది వంటింట్లోంచి అమ్మ.

ఇప్పుడు సెలవు అయిపోయిన అన్నలు బస్సులో కూర్చుని ఫోన్లో స్టేటస్ పెడుతున్నారు... పలక దగ్గర ఆగేవాళ్లు తక్కువ. తుడిచే అరచేతులు లేక దానికి దుమ్ము పట్టింది. బలపం అడిగితే దుకాణంలో వెతికి ఇస్తున్నారు. మీ ఊళ్లోనూ ఇట్లాంటి రాయి ఉందా? దాని మీదికి ఎక్కని పేరు మీకెవరిదైనా గుర్తుంటే కింద రాయండి. అన్నీ చదువుతాను.

మూత మీది అక్షరాలు కాగితం మీదికి దించుకున్నాను. ఉలికి సాన పట్టించాను. ఈ ఆగస్టు పదిహేను పొద్దున, జెండా ఎగరకముందే, నాలుగో పేరు నేను చెక్కుతాను.