గడప బయట నిలబడి అమ్మబోయిన ఇల్లు

2021 వేసవిలో, జగ్గయ్యపేటలోని మా ఆఫీసుకు నందిగామ నుంచి సీతారావమ్మ గారు ఫోన్ చేశారు. ఇల్లు అమ్మాలనీ, ఆ పని నా చేతుల మీదుగానే జరగాలనీ అన్నారు. అది మండువా ఇల్లు. మధ్యలో పైకప్పు లేక ఆకాశం కనబడే మండువా, చుట్టూ టేకు స్తంభాల వసారాలు, వీధివైపు ఎత్తైన అరుగులు. కట్టించింది మా ముత్తాత. నేను పుట్టింది అందులోనే. నేను కాలేజీలో చదువుతుండగా మా నాన్నగారు దాన్ని సీతారావమ్మ గారి భర్తకు అమ్మేశారు. ఆయన రైస్ మిల్లు నడిపేవారు.

పొలాలూ ఇల్లూ పోయాక నేను ఇళ్లూ స్థలాలూ అమ్మిపెట్టే పనిలో దిగాను. అంత పెద్ద కుటుంబంలో పుట్టి బ్రోకరీ ఏమిటని బంధువులు నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు. కాగితాలు సరిగ్గా లేని ఆస్తిని ఏనాడూ ఎవరికీ చూపించలేదు. ఆ పేరు మీదే బతికాను. ఒక్క పట్టింపు మాత్రం ఉండేది. అమ్ముకున్న ఇంటి గడప తొక్కకూడదని మా నాన్నగారు చెప్పిన మాట. రిజిస్ట్రారు ఆఫీసు పని మీద నందిగామ వెళ్లినా, ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని.

సీతారావమ్మ గారికి భర్త పోయారు, పిల్లలు లేరు. అంత ఇల్లు ఊడ్చుకోలేక మైలవరంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకున్నారు. నేను ఈసీ తీయించాను. ఆస్తి మీద తాకట్లూ వేరే లావాదేవీలూ ఏమైనా ఉన్నాయేమో చూపించే కాగితం అది. లింక్ డాక్యుమెంట్లు, అంటే చేతులు మారినప్పటి పాత దస్తావేజులు, వరుసగా పేర్చాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. తర్వాత సైట్ విజిట్లు మొదలయ్యాయి.

కొనేవాళ్లను అరుగు దాకా తీసుకెళ్లి నేను అక్కడే ఆగేవాణ్ని. లోపల ఆవిడే తిప్పి చూపించేవారు. ఏ తలుపు బిగుసుకుంటుందో, వాననీళ్లు ఏ మూల నుంచి బయటికి పోతాయో నేను వీధిలోంచే చెప్పేవాణ్ని. ఒక బట్టల వ్యాపారి వచ్చారు, ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి వచ్చారు. ఇద్దరూ బాగుందన్నారు. ఇద్దరూ మళ్లీ ఫోన్ చేయలేదు.

కారణం రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటరు చెప్పాడు. “ఏం రావు గారూ, దయ్యాన్ని కూడా దస్తావేజులో రాయమంటారా?”

“ఏ దయ్యం?”

“ఊరంతా అదే అనుకుంటన్నారండి. అమ్మే బ్రోకరే గడప దాటట్లేదంట, లోపల ఏదో ఉందంట.”

చివరికి కలప కంట్రాక్టరు ఒక్కడే మిగిలాడు. అతను వసారాలో స్తంభాలను వేళ్లతో తట్టి చూసి బయటికొచ్చాడు. పాత ఇళ్లు కొని, టేకు ఊడదీసి, నేలమట్టం చేసి స్థలం వేరే అమ్ముకోవడం అతని వ్యాపారం. “దయ్యం ఉంటే దానికీ ఓ రేటు కడదాం లెండి. సోమవారం అడ్వాన్స్ తెస్తా” అన్నాడు.

అదే వారంలో ఎస్తేరు రాణి గారు ఫోన్ చేశారు. హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్. వాన ఇంట్లో పడే ఇల్లు కావాలని చాలా కాలంగా వెతుకుతున్నారట.

“మీరు లోపలికొచ్చి చూపిస్తారాండి?” అని అడిగారు.

“ఓనరు గారు చూపిస్తారమ్మా.”

“అయితే వద్దులెండి” అని పెట్టేశారు.

నేను ఈ సంగతంతా చెప్పడానికి నందిగామ వెళ్లి అరుగు మీద నిలబడ్డాను. సీతారావమ్మ గారు గడప లోపల పీట వేసుకుని కూర్చున్నారు.

“సోమవారం వాడొస్తే ఈ ఇల్లుండదు. అంతేగా బాబూ?”

“అంతేనండి.”

“ఇదంతా మీ నాన్న పెట్టిన తంటా. ఇల్లు అమ్మాడు గానీ ఇచ్చి పోలేదు.”

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇల్లు అమ్మినవాళ్లు దేవుడి గదిలో దీపం పెట్టి, కొన్నవాళ్లను లోపలికి పిలిచి, సుఖంగా ఉండమని చెప్పి, తాళాలు గడప మీద పెట్టి బయటికి నడుస్తారు. ఇనుము కాబట్టి చేతి నుంచి చేతికి ఇవ్వరు. మా నాన్నగారు ఆ పూట రాలేదట. అప్పటిదాకా నాకీ విషయం తెలియదు.

“తాళాలు గుమాస్తా చేత అరుగు మీద పెట్టించాడు. నేను దొంగలాగా తీసుకుని తలుపు తీసుకున్నా. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో నన్నెవరూ రమ్మనకుండా వచ్చినట్టే ఉన్నా. ఇప్పుడు నువ్వొచ్చావు. నువ్వూ అక్కడే నిలబడ్డావు.”

మా నాన్నగారిని ఎవరైనా ఒక మాటంటే ఊరుకునే అలవాటు నాకు లేదు. ఆ రోజు మాత్రం చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. మండువాలో ఎండ, నా చిన్నప్పుడు పడిన చోటే, తులసికోట పక్కన పడుతోంది. ఆవిడ మంచినీళ్లిచ్చారు. తాగి, అక్కడి నుంచే ఎస్తేరు రాణి గారికి ఫోన్ చేసి, నేనే చూపిస్తానన్నాను.

ఎస్తేరు రాణి గారు ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చారు. అరుగు దగ్గర ఆగి, రాతిపలకను చేత్తో తడిమారు.

“మా అమ్మ ఈ అరుగు మీద కూర్చుని మీ మిరపకాయల్లో తాలుకాయలు ఏరేదండి. లోపల ఎట్లా ఉంటుందే అని నేనడిగితే, నాకేం తెల్సు, అరుగు దాకానే గదా మన సంగతి అనేది.”

“రండి” అని ముందు నడిచాను. వంటిల్లు, గాదెల గది, నేను పుట్టిన గది, వాననీటికి కట్టిన రాతి తొట్టి, ఒక్కటీ వదలకుండా చూపించాను. పడమటి వసారాలో చెదపట్టిన దూలం కూడా చూపించాను. ఆవిడ తొందరపడలేదు. ప్రతి గదిలోనూ కాసేపు నిలబడ్డారు, ఇంటికి వెళ్లి ఎవరికో చెప్పాల్సిన మనిషిలాగా. సాయంత్రానికి తీసుకుంటానన్నారు. కలప కంట్రాక్టరుకు రావద్దని నేనే ఫోన్ చేశాను.

రిజిస్ట్రేషన్ అయిన రోజు ముగ్గురం ఆ ఇంటికి వెళ్లాం. సీతారావమ్మ గారు దీపం పెట్టి తాళాలు గడప మీద ఉంచారు. తర్వాత నా వైపు చూశారు. ఆ చూపు నాకర్థమైంది. మా నాన్నగారు అనవలసిన మాట ముందు ఆవిడకే అన్నాను. “అమ్మా, ఇల్లు మీది. సుఖంగా ఉండండి.”

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఎస్తేరు రాణి గారి వైపు తిరిగి అదే మాట అన్నారు. ఈవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, వంగి తాళాలు తీసుకున్నారు.

కాగితాలు శుభ్రంగా ఉంటే ఇల్లు అమ్ముడుపోతుందని అంతవరకూ అనుకునేవాణ్ని. కొనేవాళ్లు మనం చూపించే గోడలకంటే ముందు మన కాళ్లు ఎక్కడ ఆగాయో చూస్తారని ఆ ఇల్లు నేర్పింది. ఇప్పుడు ఎవరి ఇల్లు చూపించినా ముందు నేను లోపలికి వెళ్లి, ఆ తర్వాత వాళ్లను పిలుస్తాను. నందిగామ వెళ్తే రిజిస్ట్రారు ఆఫీసుకు ఆ వీధిలోంచే నడుస్తున్నాను. ఎండలు ముదిరాక ఎస్తేరు రాణి గారి తల్లి అరుగు మీద ఉండరు. లోపల, మండువా పక్కన నులకమంచం మీద పడుకుని ఉంటారు.