తొంభై ఏడు దగ్గర ఆగిన లెక్క

మా లెక్కల సారు పోయారని మొన్న సాయంత్రం రైల్లో ఉండగా తెలిసింది. బెంగళూరు గార్మెంట్స్‌లో పని ముగించుకుని కేజీఎఫ్‌కు తిరిగొస్తున్నాను. కూర్చోవడానికి చోటు లేదు. ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడే విన్నాను. ఏడుపు రాలేదు. ఉన్న అలసటే ఇంకాస్త బరువెక్కింది.

మా ఊరి బంగారు గని మూతపడ్డాక మా తరగతిలో బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. అయినా ఆయన గొంతు తగ్గించకుండా పాఠం చెప్పేవారు. జవాబు సరిగ్గా వచ్చినా సరే, "ఎట్లొచ్చె?" అని అడగందే వదిలేవారు కాదు.

పదో తరగతిలో ఒకరోజు బోర్డు మీద 1000001 అని వేశారు. పది లక్షల ఒకటి. ఇది ప్రధాన సంఖ్యేనా, అంటే ఒకటితో, తనతో తప్ప దేనితోనూ శేషం లేకుండా పోదా, తేల్చమన్నారు. మూడు, ఏడు, పదకొండు... ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోయాం. ప్రతిసారీ ఏదో మిగిలేది. తొంభై ఏడు దాకా వచ్చేసరికి సారు కుర్చీలో కూలబడ్డారు. వాళ్ళమ్మ అప్పుడు ఆస్పత్రిలో ఉంది. ఆయన అక్కడినుంచే బడికి వస్తున్నారు. బూదికోట నుంచి వచ్చే నా క్లాస్‌మేట్ లేచి, "ఇంకా చూడాల సార్" అన్నాడు. సారు అతన్ని కసిరారు. ఇది ప్రధాన సంఖ్యే, చాలు అని బోర్డు తుడిచేశారు.

రిటైరయ్యాక, ఏమీ తోచని ఒక మధ్యాహ్నం, ఆ లెక్క మళ్ళీ పట్టుకున్నారట. తొంభై ఏడు తర్వాతి ప్రధాన సంఖ్య నూటొకటి. దానితో పోయింది.

అప్పటినుంచి మమ్మల్ని వెతుక్కుంటూ తిరిగారు. మా ఇంటికొచ్చిన రోజు నేను అప్పుడే రైలు దిగి వచ్చి, వాచిన కాళ్ళు చాపుకుని ఉన్నాను. సంగతి చెప్పారు. నాకు విసుగొచ్చింది.

"ఇప్పుడు దాంతో నాకేం పని సార్?"

"నీకు పని లేకపోవచ్చమ్మా. చెప్పింది నేను గదా."

నాచేతనే చేయించారు. నూటొకటితో భాగిస్తే 9901 వచ్చింది. సరిచూడడానికి దాన్ని నూటితో గుణిస్తే 990100. దానికి ఇంకో 9901 కలిపితే పది లక్షల ఒకటి. సరిగ్గా కుదిరింది. ఎందుకో కాళ్ళ నొప్పి కాసేపు గుర్తు రాలేదు. సారు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

బూదికోట అతను అంత్యక్రియల దగ్గర కనిపించాడు. ఇప్పుడు పట్టుపురుగులు పెంచుతున్నాడు. సారు అందరికన్నా చివర అతని దగ్గరికే వెళ్ళారట. పురుగులకు ఆకు మేపు వేస్తున్నవాడి ఎదుట నిలబడి, "నువ్వు చెప్పిందే నిజం అప్పా, నేను వినలేదు" అన్నారట.

"నాకు ఆ సంగతే గ్యాపకం లేదు," అన్నాడతను నాతో. "అయినా, 'సరే సార్' అనేసినాను. బస్సు దాకా పోయి ఎక్కించినాను. కిటికీ పక్కన కూర్చున్నాడు. చెయ్యి ఊపుదామని చూస్తే, బస్సు కదలకముందే నిద్రపోయినాడు. నోరు కొంచెం తెరుచుకొని, చంటిబిడ్డ మాదిరి."